మూత తీయకుండా ఇచ్చిన మాట

చూశావా, చూశావా నువ్వు చేసిన పని! పదకొండు నెలలైంది నువ్వు పోయి. నీకేం, దులిపేసుకుని వెళ్ళిపోయావు. ఇక్కడ నాకు కాళ్ళూ చేతులూ ఆడటం లేదు. ఆవిడ పది గంటల బస్సుకి దిగుతుందట. ఇప్పుడు టైమెంతో తెలుసా? తొమ్మిదింపావు.

ఎవరా? కాళ్ళ కేంద్రం ఆవిడ. కాళ్ళు పోయినవాళ్ళకి కృత్రిమ కాళ్ళు చేసిపెట్టే చోటు లేదూ, అక్కడి పెద్దావిడ. నిన్ను చూడ్డానికి వస్తోంది. నిన్నే! "ఒక్కసారి మీ ఎదురుగా కూర్చుని మాట్లాడితే నా మనసు కుదుటపడుతుంది మేడం" అని రాసింది. మేడం ఏదీ? కుర్చీ ఉంది. కుర్చీ వెనక నీ నీలం స్వెటర్ వేలాడుతోంది. దీన్ని చూపించి ఇదేనండీ మేడం అనమంటావా?

అలా ఉలుకూ పలుకూ లేకుండా ఉండకు. బతికున్నప్పుడూ ఇంతే. నేను నోరు నొప్పెట్టేలా మాట్లాడుతుంటే నువ్వు కంప్యూటర్ మూత విప్పుకుంటూ "ఊఁ" అనేదానివి. ఇప్పుడా ఊఁ కూడా కరువైపోయింది.

మీ తమ్ముడు ప్రతి ఆదివారం వస్తున్నాడు. ఈ గది గుమ్మంలో నిలబడి, "బావా, ఈ డబ్బాలన్నీ పాతసామాన్లవాడికి వేసేద్దాం. గది ఖాళీ అవుతుంది, నువ్వూ కాస్త తేలికపడతావు" అంటాడు. పందొమ్మిది కంప్యూటర్లు! నా చేత్తో చేసిన అరలు ఇవి. ఒక్కో పలక మీద మనిషి ఎక్కి నిలబడినా వంగదు. వద్దురా, లోపల ఇంకా పని నడుస్తోంది అన్నాను. ఏం పని అని అడగలేదు, మంచివాడు. అడిగుంటే నీళ్ళు నమిలేవాణ్ణి.

పని నడుస్తోంది. అవును. అదే చెబుతున్నా, విను.

నాకు కంప్యూటర్ల గురించి ఏం తెలుసునోయ్? వడ్రంగిని. పెళ్ళైన కొత్తలో నువ్వు చేసే పనేంటని అడిగితే నువ్వే చెప్పావు కదా. "మేస్త్రీ, కంప్యూటర్ గుమ్మం అనుకో. దాన్ని నడిపించే ఆపరేటింగ్ సిస్టమ్ తలుపు అనుకో. మధ్యలో బందు ఉండాలిగా? నేను రాసేది ఆ బందు. డ్రైవర్ అంటారు." అప్పుడర్థమైంది నాకు. బందు సరిగ్గా కూర్చోకపోతే ఎంత మంచి తలుపైనా కీచుమంటుంది, లేదా ఊడి నెత్తిన పడుతుంది.

ఆ తలుపు కూడా ఎవరి సొత్తూ కాదన్నావు. ఎక్కడెక్కడివాళ్ళో కలిసి రాసి అందరికీ ఉచితంగా వదిలేశారట. ఎవరైనా వాడుకోవచ్చు, ఎవరైనా విప్పి చూడొచ్చు, ఎవరైనా బాగుచెయ్యొచ్చు. బొమ్మలూ డిజైన్లూ గీసే పెద్ద కంప్యూటర్లు, ఆ వర్క్‌స్టేషన్లలో ఒక రకం గ్రాఫిక్స్ కార్డుకి మాత్రం బందు లేదు. కార్డు చేసిన కంపెనీవాళ్ళు ఇవ్వలేదు. నువ్వు రాశావు. జీతం లేదు, బత్తెం లేదు. ఏడేళ్ళు ఈ కుర్చీలో కూర్చుని రాశావు.

పేరు కూడా ఏం పెట్టుకున్నావ్? మరమేకు! "నువ్వు మేకులు కొట్టు, నేను మరలు తిప్పుతా" అని నవ్వావు. ఎంతమంది నీకు "మరమేకు అన్నయ్యా" అని రాశారో! నువ్వు ఒక్కళ్ళనీ సరిదిద్దలేదు, కడుపుబ్బా నవ్వుకునేదానివి.

ఆ పట్టిక పెట్టావు చూడు, కొంప ముంచింది అదే. ఏ వర్క్‌స్టేషన్ మీద నీ డ్రైవర్ పనిచేస్తుంది, దేని మీద పనిచేయదు అని రాసిన పట్టిక. దేశదేశాలవాళ్ళు దాన్ని చూసే కొనేవారు. ఎందుకు నమ్మేవారంటే నువ్వు చూడందే రాయవు గనక. మూత తీసి, భూతద్దం పెట్టి చిప్ మీద నంబరు చదివి, మూడుసార్లు ఆపి మూడుసార్లు వెలిగించి, ఒక రోజంతా నడిపించి, అప్పుడు గానీ "పనిచేస్తుంది" అని రాసేదానివి కాదు. తొందరపెడితే నా మీద ఇంతెత్తున లేచేదానివి. "మూత తీయకుండా మాట ఇవ్వకూడదు మేస్త్రీ!" ఎన్నిసార్లు విన్నానో ఆ మాట.

విన్నాను. వినీ ఏం లాభం?

చివర్లో నీ వేళ్ళు పట్టు తప్పాక నువ్వు చెబుతుంటే నేనే కదా టైపు చేసింది. ఒక్క వేలితో, కోడి గింజలు ఏరుకున్నట్టు. నాలుగు నెలలు. అక్షరం తప్పితే కసిరేదానివి. ఆ నాలుగు నెలల్లో నీ మాటతీరంతా నాకు పట్టుబడిపోయింది. ఎవరికైనా ముందు "ఏ మోడలు?" అని అడుగుతావు. తర్వాత "కార్డు తీసి, రబ్బరుతో తుడిచి, మళ్ళీ పెట్టి చూడండి" అంటావు. సగం మందికి దాంతోనే కుదిరిపోతుంది. మిగతావాళ్ళకి "చూస్తాను, ఓపిక పట్టండి" అంటావు. చివర ఒక చుక్క పెట్టి, మరమేకు అని సంతకం.

నువ్వు పోయావు. చుట్టాలు వచ్చారు, వెళ్ళారు. ఇల్లు చప్పబడిపోయింది. ఒకరోజు దుమ్ము తుడుద్దామని ఈ గదిలోకి వచ్చి తెర వెలిగించానా, నలభైమూడు ఉత్తరాలు! అన్నీ నీకే. మొదటిదే ఏముందో తెలుసా? "మరమేకు గారూ, చాలా రోజులైంది మీ కబురు లేక. బాగున్నారా? మా కంప్యూటర్ తెర వణుకుతోంది."

నిజం రాద్దామనే కూర్చున్నానోయ్. ఒట్టు. "ఆవిడ" అని కొట్టాను. తర్వాత వేలు కదల్లేదు. ఆ రెండో మాట ఎంతకీ రాలేదు. అప్పటిదాకా ఆ మాట నేను ఎవరికీ చెప్పలేదు, తెలుసా? ఆసుపత్రిలో డాక్టరు చెప్పాడు. చుట్టాలకి మీ తమ్ముడు చెప్పాడు. వీధిలోవాళ్ళకి చెప్పక్కర్లేకుండానే తెలిసిపోయింది. నేను మాత్రం చెప్పలేదు.

చెరిపేశాను. "బాగున్నాను. కార్డు తీసి, రబ్బరుతో తుడిచి, మళ్ళీ పెట్టి చూడండి. మరమేకు" అని కొట్టి పంపేశాను.

మర్నాడు జవాబొచ్చింది. కుదిరిపోయిందట! "మీరు చల్లగా ఉండాలి" అని రాశాడు ఆయనెవరో. నువ్వు చల్లగా ఉండాలట. నేను ఆ ముక్క చదివి ఈ నేల మీద కూలబడి ఏడ్చాను, ఏడ్చి లేచి రెండో ఉత్తరం తెరిచాను. ఏం మనిషిని నేను?

అలవాటైపోయింది. పొద్దున లేచి మొహం కడుక్కోవడం, ఇక్కడికి రావడం. ఈ తెర మీద నువ్వున్నావు. నిన్ను పలకరించేవాళ్ళున్నారు, నీ మీద చిరాకు పడేవాళ్ళున్నారు, పండు ముసలాయన ఒకాయన రోజూ వాతావరణం రాస్తాడు. బయటికెళితే నువ్వు లేవు. ఎవరైనా ఎటు వెళతారు? చెప్పు, నువ్వైతే ఎటు వెళ్ళేదానివి?

అంతవరకూ ఎవరికీ నష్టం లేదనుకున్నాను. నాలుగు రబ్బరు సలహాలు, రెండు ఓపిక పట్టండిలు. అప్పుడొచ్చింది ఈవిడ ఉత్తరం.

ఎంత మర్యాద మనిషి అనుకున్నావ్! అందరూ అన్నయ్యా అంటుంటే, ఎలా పసిగట్టిందో, మొదట్నుంచీ మేడం అనే రాస్తోంది. వాళ్ళ కేంద్రంలో ముందు కాలు మిగిలినంత మేరకి కొలత తీస్తారట. దాన్ని కంప్యూటర్ తెర మీద పెట్టి, ఎక్కడ నొక్కుకుంటుందో ఎక్కడ వదులవుతుందో చూసి సవరిస్తారు. ఆ లెక్క ప్రకారం యంత్రం అచ్చు చెక్కుతుంది. మన పనేననుకో, కాకపోతే మనం చెక్క చెక్కుతాం. పాత కంప్యూటర్లు అరిగిపోయాయట. కొత్తవి పన్నెండు కొనాలి, నీ పట్టికలో ఉన్న మోడలే కొట్లో దొరుకుతోంది, "కొనమంటారా మేడం? మీరు సరేనంటే కొంటాం. మాకు మళ్ళీ కొనే అవకాశం ఎప్పటికో" అని రాసింది.

నేను లేచి చూశాను. రెండో అరలో ఎడంపక్కది. అదే కంపెనీ, అదే నలుపు, ముందు అదే నంబరు. నీ పచ్చ కాగితం అంటించి ఉంది, "పనిచేస్తుంది" అని నీ చేతిరాత. ఇంకేం కావాలి?

నువ్వైతే ఏం చేసేదానివి? తెలుసులే, చెప్పకు. "కొట్లో ఒకదాని మూత తీయించి చిప్ మీద నంబరు చదివి నాకు పంపండి" అని రాసేదానివి. ఒక్క ముక్క! నేనది రాయలేదు. "కొనండి. పనిచేస్తుంది. మరమేకు" అని కొట్టాను.

కొన్నారు. పన్నెండూ కొన్నారు.

ఇరవై నిమిషాలట. సరిగ్గా ఇరవై నిమిషాలు నడుస్తుంది, తెర నల్లబడిపోతుంది. పన్నెండింటిదీ అదే వరస. చెక్కుతున్న యంత్రం సగంలో ఆగిపోతుంది, అచ్చు పాడైపోతుంది. నేనేం చేశాను? రబ్బరుతో తుడవమన్నాను! పాపం పన్నెండు కార్డులూ తీసి తుడిచారు. తర్వాత కేబుల్ మార్చమన్నాను. తర్వాత ఓపిక పట్టమన్నాను. ఐదు వారాలు ఓపిక పట్టారు.

అక్కడ గచ్చుపని చేసుకునే ఒకాయన ఉన్నాడట. ఆయన అచ్చు మూడుసార్లు పాడైంది. రోజూ పొద్దున్నే వచ్చి వరండాలో బెంచీ మీద, ప్యాంటు కాలు మడిచి పిన్నీసు పెట్టుకుని కూర్చుంటాడట. ఏమీ అడగడట. "తిట్టినా బాగుండును మేడం, కంప్యూటర్లకి ఒంట్లో బాగోలేదా అని నవ్వుతాడు" అని రాసింది. ఆ ఉత్తరం చదివినప్పట్నుంచీ నాకు అన్నం సహించడం లేదు. నేను కూడా రెండు కాళ్ళ మీద నిలబడి రంపం పట్టేవాణ్ణే కదా.

అదుగో, తలుపు పక్కన అట్టపెట్టె చూశావా? ఆ పన్నెండిట్లో ఒకటి. పట్టిక కింద మన చిరునామా ఉందిగా. "మీరే స్వయంగా చూస్తే తెలుస్తుంది, గురువారం నేనూ వస్తాను" అని చీటీ పెట్టి పంపింది. మూడు రోజులైంది వచ్చి. నేను ముట్టుకోలేదు. దాని చుట్టూ తిరిగి వెళుతున్నాను, పామేదో పడుకున్నట్టు.

ఇవాళ గురువారం.

సరే. సరే! విప్పుతున్నా. అలా చూడకు. అరగంట ఉంది, ఇప్పుడైనా చూస్తాను. నీ స్క్రూడ్రైవర్ ఎక్కడ... ఆఁ, ఇదుగో. నాలుగు మరలు. ఒకటి... రెండు... రెండోది చేజారి కింద పడిందోయ్. ముప్పయ్యేళ్ళ నుంచి తలుపులు బిగించిన చెయ్యి ఇది. మూడు. నాలుగు. వచ్చింది మూత.

ఉండు, పక్కన మనదాన్ని పెట్టి అదీ విప్పుతా. ఆఁ.

అమ్మో.

భూతద్దం కూడా అక్కర్లేదు. మనదాంట్లో కార్డు మీద చిన్న ఫ్యాను ఉంది. దీంట్లో ఫ్యానే లేదు! మొత్తం కార్డే వేరు. బయట డబ్బా అదే, పేరు అదే, నంబరు అదే, లోపల సరుకు మార్చేశారు. చంటిపిల్లాడు చూసినా చెప్పేవాడు. కొట్లో ఒక్కదాని మూత తీయించి ఉంటే ఆవిడే చెప్పేది, ఫ్యాను లేదు మేడం అని. పన్నెండిటి డబ్బూ మిగిలేది. ఐదు వారాలు మిగిలేవి. ఆ గచ్చుపనాయన ఈపాటికి నడిచేవాడు.

ఇప్పుడేం చెయ్యను? ఏం చెయ్యమంటావ్? నీ నోటుబుక్కులు తీయనా? ఇన్నాళ్ళూ ముట్టుకోలేదు. పేజీల కొద్దీ నీ చేతిరాత చూసే ధైర్యం లేక. ఇంక దిక్కు లేదు, తీస్తున్నా. ఆఖరుది ఏది? ఇదా, ఎర్ర అట్టది. చివరి పేజీ.

ఏంటిది?

"కొత్త రకం కార్డు, ఫ్యాను లేనిది. ఇరవై నిమిషాలకి తెర నలుపు." ఓసి నీ... నీకు తెలుసా! నీకు ముందే తెలుసా ఇది! ఎవరు పంపారు నీకా కార్డు, ఎప్పుడు చూశావు? ఉండు, చదవనీ. "ఎందుకో దొరికింది. నాలుగు లైన్లు మార్చాలి, అంతే." కింద ఏవో గుర్తులు, అంకెలు, నాకర్థం కావు. దాని కింద...

దాని కింద, "టీ ఆరిపోతోందని మేస్త్రీ అరుస్తున్నాడు. మిగతాది రేపు."

తర్వాతి పేజీ ఖాళీ.

నేనే పిలిచానా. నేనే అరిచానా టీ కోసం. మర్నాడు కదూ నువ్వు స్నానాల గదిలో పడిపోయింది. ఆ తర్వాత ఆసుపత్రి, వేళ్ళు పట్టు తప్పడం. ఆ చివరి నాలుగు నెలలూ ఉత్తరాలకి జవాబులు చెప్పడానికే నీ ఓపిక చాలింది, ఈ పుస్తకం మళ్ళీ తెరవనే లేదు. నాలుగు లైన్లట. నాలుగే నాలుగు లైన్లు. నేను కాస్త నోరు మూసుకుని ఆ టీ నేనే తాగేసి ఉంటే...

లేదు, లేదు. ఇది కాదు అసలు తప్పు. టీ మీదకి తోసేస్తే నాకు హాయిగా ఉంటుంది, అందుకే తోస్తున్నా. నా సంగతి నీకు తెలుసుగా. ఇంకొకటి ఉంది. అది చెప్పకుండా ఆవిడ మొహం చూడలేను. నీతోనైనా ముందు చెప్పుకోనీ.

లెక్కల టీచరమ్మ ఒకావిడ ఉంది, ఎక్కడో దూరాన. నీ ప్రోగ్రాంలో తప్పులు దిద్ది పంపేది, గుర్తుందా? "ఈవిడ చెయ్యి మంచిది మేస్త్రీ" అనేదానివి. ఆవిడ ఎనిమిది నెలల కిందట ఉత్తరం రాసింది. "కొన్నాళ్ళుగా మీరు కొత్తగా ఏమీ రాయడం లేదు. ఒంట్లో బాగుందా? మీకు ఓపిక లేకపోతే ఈ పని నేను చూసుకుంటాను. మీ పేరు అలాగే ఉంచుతాను. మీ దగ్గరున్న రాతలు పంపితే చాలు" అని. ఒకసారి కాదు, మూడుసార్లు రాసింది. రాతలు పంపమంది! ఈ నోటుబుక్కే కదా అడిగింది. ఈ పేజీ ఫోటో తీసి పంపి ఉంటే, ఆవిడకి ఒక్క పూట పని.

నేనేం రాశానో తెలుసా?

"అక్కర్లేదు. నేనున్నాను. మరమేకు."

ఎందుకంటే ఆ పట్టికలో పైన ఒక గడి ఉంది. చూసుకునేవారు ఎవరు అని. అందులో నీ పేరు ఉంది. చూసుకునేవాళ్ళు లేని ప్రోగ్రాముల ఎదురుగా ఏం రాస్తారో నువ్వే చూపించావు నాకు. అనాథ అని రాస్తారు. మనిషి పోయాడని తెలియగానే ముందు ఆ మాట వేస్తారు, ఆ తర్వాత ఇంకొకరి పేరు. టీచరమ్మకి నిజం చెబితే నీ పేరు పక్కన ఆ మాట పడుతుంది. తర్వాత ఉత్తరాలు ఆవిడకి పోతాయి. పొద్దున్నే లేచి నేనెక్కడికి వెళ్ళాలి? అదీ నా లెక్క. నువ్వు ఏడేళ్ళు కూర్చుని రాసింది అందరిదీ అన్నావు, ఎవరైనా బాగుచెయ్యొచ్చన్నావు. నేను తలుపుకి అడ్డం పడుకున్నాను.

ఇంకా చెప్పనా? ఆ రోజు ఈవిడకి "కొనండి" అని రాసే ముందు, నంబరు చదివించాలని నాకు తట్టింది. తట్టకేం? నీ గొంతు వినిపించింది కూడా. కానీ నంబరు వేరైతే నేను తెలియదని ఒప్పుకోవాలి. ఒప్పుకుంటే ఆవిడ ఇంకొకళ్ళని వెతుక్కుంటుంది. ప్రతి ఉత్తరం చివరా "మీ ఆరోగ్యం జాగ్రత్త మేడం" అని రాస్తుంది ఆవిడ. ఆ ముక్క కోసం, ఆ ఒక్క ముక్క కోసం, నేను పన్నెండు అబద్ధాలు కొనిపించాను.

తిట్టు. ఇప్పుడైనా నోరు విప్పి ఒక్కసారి తిట్టు నన్ను.

తిట్టవు. సరేలే.

ఫోటో తీశాను, చూడు, ఈ పేజీ. టీచరమ్మకి పంపుతున్నా. ఏం రాయను కింద? "ఇది ఆవిడ చివరగా రాసింది. నేను ఆవిడ భర్తని. ఆవిడ..." మళ్ళీ అక్కడే ఆగిపోయాను. ఎంత మొండి మాట ఇది! పోనీ. అక్కడివరకే పంపేస్తా. టీచరమ్మ తెలివైంది, మిగతాది ఆవిడే పూర్తిచేసుకుంటుంది. వెళ్ళింది. టింగుమంది, విన్నావా?

నాలుగు లైన్లు ఎవరో ఒకరు రాస్తార్లే. ఇవాళ కాకపోతే రేపు. ఆ గచ్చుపనాయన లేచి నడుస్తాడు. అది జరుగుతుంది. నీ పేరు పక్కన ఆ మాట కూడా పడుతుంది, పడనీ.

అయ్యో, బెల్లు. పదింకా కాలేదే! బస్సు ముందే వచ్చిందా? వస్తున్నానండీ! ఒక్క నిమిషం!

నా చొక్కా బాగుందా? ఏం చెప్పాలి? "రండి. ఆవిడ లేరు." ఇంతే కదా. రెండు మాటలు, పెద్దగా కష్టమేం లేదు. నీకు కాదులే, నాకు నేనే చెప్పుకుంటున్నా.

ఈ స్వెటర్ తీసి లోపల పెట్టనా? తలుపు తియ్యగానే ఆవిడకి ముందు కనిపించేది ఈ కుర్చీయే. మూత విప్పిన రెండు కంప్యూటర్లు, తెరిచిన నోటుబుక్కు, కుర్చీకి స్వెటర్. చూసి, మేడం ఇప్పుడే లేచి లోపలికి వెళ్ళారు కాబోలు అనుకుంటుంది. చెప్పులు విప్పి, చేతులు కట్టుకుని, నీ కోసం లోపలి గుమ్మం వైపు చూస్తూ నిలబడుతుంది.

తీయాలి. తీసేస్తేనే మర్యాద.

తీయలేనోయ్. ఉండనీ. చెబుతాను, తప్పకుండా చెబుతాను. కాకపోతే ఆవిడ ఒక్క నిమిషం అలా చూడనీ. నువ్వు వస్తావని ఈ లోకంలో ఎదురుచూసే మనిషి ఇంక ఆవిడొక్కతే.

వస్తున్నానండీ, వస్తున్నా!